అంటించిన చీటీ

“కొలత నువ్వే తియ్యాలి అమ్మమ్మా, ఇంకెవర్నీ నమ్మను” అంది మనవరాలు.

ఆమె పడకగది గోడలో అల్మరాకు వదిలిన ఖాళీని పైన, మధ్యన, కింద కొలిచాను. మూడింటిలో తక్కువది చీటీ మీద రాసి, మడిచి, జిగురుతో అంటించి, వడ్రంగికిమ్మని ఆమె చేతికిచ్చాను.

ఇవాళ వడ్రంగి జారుడు తలుపులు బిగించాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

“మా అమ్మమ్మ కొలతంటే మాటలా?” అంటూ నా బుగ్గ గిల్లి మనవరాలు వంటింట్లోకి వెళ్ళింది.

తలుపులు జారే కింది పట్టీ ఒక మూల కాస్త ఊగుతోందన్నాను. వడ్రంగి జేబులోంచి కాగితం మడత తీసి దాని కిందికి దూర్చబోయాడు. అది నా చీటీ. జిగురు ఊడలేదు.

“విప్పనే లేదేం నాయనా?”

“‘పెద్దావిడ తృప్తి కోసం ఉంచుకో, కొలత మాత్రం నువ్వే తీసుకో’ అన్నారమ్మా మీ మనవరాలు.”

“కానియ్. అక్కడికైనా సరిపోతుందేమో చూడు.”