ఆర్డరు లేని బదిలీ

మూడో నంబరు పగడం మళ్లీ చోటు మారింది. ఒకటో నంబరు బోర్లా పడి ఉంది.

వీరరాఘవరావు చెప్పులైనా విప్పకుండా గాజుతొట్టి ముందు నిలబడిపోయాడు. పొద్దున ఆఫీసుకు వెళ్లేటప్పుడు మూడో నంబరును ఎడమ మూల నీడలో పెట్టాడు. ఇప్పుడది కుడివైపు, కిటికీ వెలుతుర్లో కూర్చుంది.

ఆయన ఆఫీసులో చూసేది బదిలీల సెక్షన్. ఆయన సంతకం లేనిదే ప్యూను కూడా బల్ల మారడు. అలాంటివాడి ఇంట్లోనే ఆర్డరు లేని బదిలీ!

"ఈ పగడం మీద ఎవరికే ఇంత పగ?" అని అరిచాడు.

"సముద్రాన్ని మొఘల్‌పురాకు పట్టుకొస్తే పగబట్టదూ?" వంటింట్లోంచి భార్య హైమవతి అందుకుంది.

పట్టుకొచ్చిన మాట నిజమే. పోయిన నెల విశాఖపట్నం వెళ్లి, బావమరిది పురుషోత్తం సాయంతో ఆరు డబ్బాల సముద్రపు నీళ్లు, ఓ మెత్తటి పగడం, రెండు రాళ్లు, బీచిలో ఏరిన ఓ గుల్ల రైల్లో వేసుకొచ్చాడు. "గుల్లలేరుకొచ్చి ఇల్లు గుల్ల చేశారు" అంది హైమవతి ఆ రోజే.

పగడాన్ని బ్లేడుతో మూడు ముక్కలు కోశాడు. గులాబీకి అంటు కట్టినంత శ్రద్ధగా రెంటిని రాళ్లకు, ఒకదాన్ని అందం కోసం గుల్ల వీపుకు, దారంతో కట్టాడు. నంబర్లిచ్చాడు. మూడు వారాలు కదపకుండా ఉంటే ముక్క అతుక్కుని పెరుగుతుంది. కదిపితే దారం వదులై కుళ్లిపోతుంది.

ఎవరో కదుపుతున్నారు. తొట్టి అద్దం తుడిచేది పనిమనిషి బుచ్చమ్మ. ఆమెను పిలిచి నిలదీశాడు.

"నేనెందుకు జరుపుత సారూ? నీళ్లల్ల చెయ్యి గూడ పెట్టలే. గదే జరిగింది."

"అదే జరిగిందా! ఇరవై ఏళ్ల సర్వీసులో ఈ మాట ఎన్నిసార్లు విన్నాను! ఫైలు అదే పోయింది. సిరా అదే ఒలికింది. కుర్చీ అదే విరిగింది."

"మీ కుర్చీ సంగతి నాకేమెర్క? మస్తు ఇండ్లల్ల పనిజేసిన, గిసుంటి లొల్లి యాడ జూడలే."

ఆయన పాటకు హైమవతి ఏనాడూ తాళం వేయలేదు. అందుకని మర్నాడు తొట్టి ఉన్న గదికి ఆయనే తాళం వేశాడు. తాళంచెవి జంధ్యానికి కట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు.

సాయంత్రం తీసి చూస్తే మూడో నంబరు తొట్టి నట్టనడుమ ఉంది.

"ఈ తాళం ఎక్కడ కొన్నావే?"

"బుచ్చమ్మ మొగుడు ఎల్లప్ప తెచ్చిచ్చాడు. చార్మినార్ దగ్గర తాళాలు బాగుచేస్తాడుగా."

వీరరాఘవరావు కళ్లు మెరిశాయి. "మారుతాళం!"

బుచ్చమ్మ చేతిలో గుడ్డ నేలకేసి కొట్టింది.

"తాళాలు జేసెటోని పెండ్లామైతే దొంగనా? ఎనిమిదేండ్ల సంది ఈ ఇంట్ల పనిజేస్తున్న. ఒక్క చెంచ గిట్ల పోయిందా అమ్మా, నువ్వే చెప్పు!"

"నోరెత్తకు. రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు రావు.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. హైమవతి ఆ రాత్రి భోజనం చేయలేదు.

బుచ్చమ్మ లేని మొదటి సాయంత్రం. తాళం తాళంలాగే ఉంది. మూడో నంబరు మాత్రం మళ్లీ కిటికీ దగ్గరుంది. రెండో నంబరు పక్కకు దొర్లింది.

రావు భార్యకేసి చూశాడు. ఆ చూపులో ఛార్జిమెమో ఉంది.

"నన్నలా చూడకండి. రేపు ఆదివారం. మీరే కాపలా కూర్చోండి. మీ కళ్లముందు మీదే తప్పని తేలితే, మీ కాళ్లతో మీరే సంతోష్‌నగర్ నడిచివెళ్లి బుచ్చమ్మ గడపలో తప్పయిందని చెప్పాలి. సరేనా?"

"సరే. దొంగ నువ్వని తేలితే?"

"అప్పుడు నేను మా తమ్ముడు పురుషోత్తం దగ్గరికి బదిలీ!"

ఆదివారం పొద్దున్నే మూడో నంబరును నీడలో సర్ది, కుర్చీ వేసుకుని, అద్దానికి ముక్కు ఆనించి కూర్చున్నాడు. హైమవతి గుమ్మంలో పీట వేసుకుంది, ఆయనకు కాపలా. పన్నెండయింది. ఏమీ కదల్లేదు.

"చూశావా? ముట్టేవాళ్లు లేకపోతే కదిలేదీ లేదు" అన్నాడు గర్వంగా.

పగడాలకు ఆకలేస్తుందేమోనని తొట్టి అవతలి కొసన చిటికెడు ఎండురొయ్యల పొడి చల్లాడు. హైమవతి ముక్కు మూసుకుంది.

అంతే, మూడో నంబరు కింద ఆయన స్వయంగా ఏరి తెచ్చి దారం చుట్టిన ఆ ఉత్త గుల్ల నాలుగు ఎర్రటి పీతకాళ్లు బయటికి చాపి, పగడాన్ని నెత్తిన బోనంలా ఎత్తుకుని, తాపీగా రొయ్యపొడివైపు నడిచిపోయింది.