నిచ్చెనకు ఒక్క ఓటు

రంగులమ్మ ఓటు ఎవరి తోడుతో వేయించాలన్నది ఆ ఇంట్లో పెద్ద తగవైపోయింది.

కళ్ళు కనబడని వాళ్ళు పోలింగ్ గదిలోకి తమకు నచ్చిన మనిషిని వెంట తీసుకెళ్ళొచ్చు. ఆ మనిషి కాగితం మీద గుర్తు ఎక్కడుందో చూపిస్తే, ముద్ర వేసి రావచ్చు. రూలు అంతే. చిక్కల్లా ఆ మనిషి ఎవరన్నదే.

ఆమె అద్దకం మిల్లులో రంగుల తొట్ల దగ్గర పనిచేసేది. రంగులమ్మ అన్న పేరు అక్కడ పెట్టిందే. ఒకరోజు తొట్టి పొంగి మందు కళ్ళలో పడింది. మిల్లువాళ్ళు రక్షణ కళ్ళద్దాలు ఇచ్చి ఉంటే చూపు దక్కేదని డాక్టరు అన్నాడు. మిల్లు యజమాని పరామర్శకు వచ్చి బుట్టెడు పళ్ళు పెట్టి వెళ్ళాడు. ఆయనే ఇప్పుడు గడియారం గుర్తు మీద పార్లమెంటుకు నిలబడ్డాడు.

నిచ్చెన గుర్తుకు పార్టీ లేదు, జెండా లేదు, ఊరేగడానికి జీపు లేదు. ఉన్నదల్లా ఒకటే మాట. తొట్ల దగ్గర నిలబడే ప్రతి మనిషికీ కళ్ళద్దాలు ఇచ్చి తీరాలని చట్టం రావాలి. రంగులమ్మ ఓటు నిచ్చెనకే. ఆ విషయంలో ఆమె ఎవరి మాటా వినే రకం కాదు.

"గెలిచే మొహమేనా అది? డిపాజిట్టు కూడా దక్కదు," అన్నాడు భర్త. ఆయన మిల్లులో మేస్త్రీ.

"నిచ్చెనెక్కి ఎక్కడికి పోతావమ్మా? జారితే పట్టుకునేవాళ్ళు కూడా లేరు," అన్నాడు కొడుకు. వాడూ మిల్లులోనే గుమాస్తా.

"జారితే విరిగేది నా నడుమే కదరా. నీకెందుకు నొప్పి?" అంది రంగులమ్మ.

ఇంట్లో పొయ్యి వెలిగేది గడియారం వాళ్ళ జీతంతోనే. అది ఆమెకూ తెలుసు. అందుకే ఎవర్నీ నమ్మబుద్ధి కాలేదు. ఎందుకైనా మంచిదని ఒక పరీక్ష పెట్టింది.

మిల్లు నుంచి తెచ్చుకున్న నమూనా గుడ్డలు పెట్టెలో ఉన్నాయి. నీలం గుడ్డను ముందే తీసి దిండు కింద దాచింది. తర్వాత భర్తను పిలిచి, పెట్టెలోంచి నీలం గుడ్డ తెచ్చిమ్మంది. ఆయన పేపరు మీంచి కళ్ళు తిప్పకుండానే చేతికి దొరికింది లాగి, "ఇదిగో నీలం," అన్నాడు. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుంది. నీలిమందు వాసన లేదు. ఆ వాసన ఆమెకు ఒకరు చెప్పాలా? గుడ్డను మడిచి పక్కన పెట్టింది.

కొడుకునీ అడిగింది. వాడూ ఏదో ముక్క చేతిలో పెట్టి, "నీలమేనమ్మా," అని చక్కాపోయాడు.

సాయంత్రం ఆడపడుచు వచ్చింది. పక్క సందులోనే ఇల్లు, మిల్లు ప్యాకింగులో పని. అడగ్గానే పెట్టె మొత్తం బోర్లించి వెతికింది.

"నీలం లేదు వదినా. ఆకుపచ్చ ఉంది, ఇమ్మంటావా?"

రంగులమ్మకు ప్రాణం లేచొచ్చింది. గుడ్డముక్క దగ్గరే అబద్ధం ఆడనిది ఓటు దగ్గర ఆడుతుందా అనుకుంది.

"అమ్మాయ్, నాకు తోడు నువ్వే రావాలి."

ఆడపడుచు గుడ్డముక్కల్ని తిరిగి పెట్టెలో సర్దసాగింది. "అన్నయ్య ఏమంటాడో."

"ఓటు మీ అన్నయ్యది కాదు, నాది. ఏ గుర్తుకో తెలుసుగా?"

"తెలియకపోవడమేంటి వదినా."

పోలింగ్ గదిలో అధికారి లేచి నిలబడి దారిచ్చాడు. అట్ట అడ్డం పెట్టిన బల్ల దగ్గర ఆడపడుచు ఆమె చేతికి ముద్ర అందించి, ఆ చెయ్యి పట్టుకుని కాగితం మీదకు తీసుకెళ్ళింది.

"ఇదేనా నిచ్చెన?"

"ఇదే వదినా."

ఆడపడుచు అరచెయ్యి చెమటతో తడిసిపోయింది. ఉక్కపోత కాబోలు అనుకుంది రంగులమ్మ. ముద్ర సరిగ్గా పడకపోతే ఓటు చెల్లదంటారని, బలమంతా పెట్టి నొక్కింది.

బయటికొచ్చాక భర్త అన్నాడు, "నేనూ అబ్బాయీ కూడా నిచ్చెనకే వేశాంలే. ఇంక మొహం ముడుచుకోకు."

"నేనూ దానికే వేశాను వదినా," అంది ఆడపడుచు.

రంగులమ్మ పొంగిపోయింది. ఇంటికెళ్ళి అందరికీ తనే టీ కాచి ఇచ్చింది.

లెక్కింపు బడి హాల్లో జరిగింది. ఆడపడుచే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టింది. భర్తా కొడుకూ వెనక కూర్చున్నారు. ఒక్కో బూత్ లెక్కా మైకులో చదువుతున్నారు. నిచ్చెనకు ఒకచోట అయిదు, ఇంకోచోట తొమ్మిది. గెలుస్తుందన్న భ్రమ రంగులమ్మకూ లేదు. తమ వీధి బూత్ కోసమే చెవులు రిక్కించుకుని కూర్చుంది. అక్కడ నాలుగు ఓట్లు వినబడితే చాలు. తనది, భర్తది, కొడుకుది, ఆడపడుచుది.

వాళ్ళ బూత్ వచ్చింది.

"నిచ్చెన గుర్తు, సున్నా."

మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివారు. సున్నాయే.

వెనక భర్త దగ్గాడు. కొడుకు మంచినీళ్ళు తెస్తానంటూ లేచాడు. వాళ్ళిద్దరి సంగతి సరే, చేతికొచ్చిన గుడ్డని నీలం అన్నవాళ్ళే. మరి తన ఓటో? తన చేత్తో తనే గుద్దిన ముద్రో? రంగులమ్మ ఆడపడుచు వైపు తిరిగింది.

"అమ్మాయ్, నా చెయ్యి ఎక్కడ పెట్టించావు?"

"నా ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు వదినా. మన ఇంటి నుంచి నిచ్చెనకు ఒక్కటి కూడా పడకూడదన్నారు."

"నీ ఓటు నువ్వు అమ్ముకో, నేనేమీ అననుగా. నాది ఎందుకు అమ్మావే?"

రంగులమ్మ ఆడపడుచు చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది.

ఇంతలో మైకు గరగరలాడి, గడియారం గుర్తు మీద పోటీ చేసిన మిల్లు యజమాని గెలిచాడనీ, నిచ్చెన గుర్తు మీద పోటీ చేసిన రంగులమ్మ ఓడిపోయిందనీ ప్రకటించింది.