గంజి చుక్క

“నీది ఇంకా నీళ్లలాగే ఉందేం, ఇంగా?”

రెండల్ సార్ వెనక నుంచి అడిగేసరికి ఇంగా చప్పున బీకరును దగ్గరికి లాక్కుంది. సార్ పంచిన సముద్రపు నాచునే కాల్చింది. బూడిద మరిగించింది, వడకట్టింది, ఆమ్లం కలిపింది, పెరాక్సైడ్ పోసింది. నాచులోని అయోడిన్ బయటపడి ఈపాటికి తేనెరంగు తిరగాలి. గంజి చుక్క వేస్తే నల్లటి నీలం రావాలి. ఏదీ రాలేదు.

“వస్తుంది సార్. కాస్త ఆలస్యమవుతోంది.”

“పన్నెండింటికల్లా నీలం చూపించాలి. చేతకానివాళ్లను కిర్క్‌వాల్ పెద్దబడికి పంపనని ముందే చెప్పాను.”

పడవెక్కి కిర్క్‌వాల్ పట్నం వెళ్లకపోతే ఈ చిన్న దీవి పిల్లలకు చదువు ఇక్కడితో సరి. ఇంగా పశువుల డాక్టరు కావడం కల్ల. గడియారంలో ఇంకా పది నిమిషాలే ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది, కోటు జేబులో సీసా. గొర్రెలు ఈనే కాలంలో గొర్రెలున్న ప్రతి ఇంట్లోనూ ఉండే సీసా అది. పొద్దున పుట్టిన రెండు గొర్రెపిల్లల బొడ్లకు చీము పట్టకుండా అయోడిన్ పూసి, సీసా జేబులో పడేసుకుని అలాగే బడికొచ్చేసింది.

“సార్, ముక్కు కారుతోంది. రుమాలు కోటులో ఉంది.”

“ఇవాళ అందరికీ జలుబులేనా? వెళ్లు, వెళ్లు.”

సీసాను రుమాలులో చుట్టి తెచ్చింది. మూత ఓ పట్టాన రాలేదు. అంతలో సార్ దగ్గాడు. ఇంగా సీసాను రుమాలు కింద దాచింది. ఎలాగో మూడు చుక్కలు వంచి, పైన గంజి చుక్క వేసింది. బీకరంతా సిరా పోసినట్టు నీలమైపోయింది.

పన్నెండు కొట్టింది. సార్ ఒక్కో బల్ల దగ్గరా ఆగి చూసి, వెళ్లి తలుపు మూశాడు.

“ఈ నాచు మూడు వారాలు మా పెరటి గోడ మీద వానలో నానింది,” అన్నాడు మెల్లగా. “బూడిద చేసి అమ్మేందుకు ఎండేసిన నాచు మీద చినుకు పడకుండా మీ ముత్తాతలు కాపలా ఎందుకు కాసేవాళ్లో తెలుసా? వాన అయోడిన్‌ను కడిగేస్తుంది. ఇందులో గుర్తుకైనా మిగల్లేదు. రానిదాన్ని రాలేదని చెప్పే ధైర్యం ఎవరికుందో చూద్దామనుకున్నాను.”

పక్కకు చూడాలంటే ఇంగాకు భయమేసింది. అయినా చూసింది. ఆరు బీకర్లలో ఐదు నీలంగా ఉన్నాయి.

ఆరోది పడవ సరంగు కూతురు తోరాది. అందులో తేటనీళ్లే. తోరా మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

సార్ ఆమె తల మీద చెయ్యి వేశాడు. “ఏడవకు తల్లీ. కిర్క్‌వాల్‌కు నువ్వొక్కదానివే వెళ్తున్నావు. తక్కినవాళ్లలా మోసం చెయ్యాలని నీకు తోచలేదు చూడు!”

తోరా ఎక్కిళ్ల మధ్య తలెత్తింది.

“మాకు గొర్రెల్లేవు సార్!”