మైకు నర్సింగం

లైవ్ మంచి జోరు మీదున్నప్పుడు ఆ ముసలాయన దుకాణంలోకి వచ్చాడు.

కళ్యాణి చేతిలో చీర, ఎదురుగా స్టాండుకు బిగించిన ఫోన్.

"కొంగు చూడుండ్రి అక్కా, మన సిరిసిల్ల నేత. రంగు పోతదన్న ముచ్చటే లేదు..."

ముసలాయన ఏదో చెప్పబోయి ఆగాడు. మెడకు తువ్వాల, చంకన సంచి.

"తాతా, లైవ్ నడుస్తుంది. జర బయట కూసో," అంది కళ్యాణి.

ఆయన బుద్ధిగా తలూపి, బయట బల్ల మీద కూర్చున్నాడు.

ఏదో సాయం అడగడానికి వచ్చి ఉంటాడనుకుంది. లైవ్ కాగానే పిలుద్దామనుకుంది. ఇంతలో గిరాకీ తగిలింది. గుర్తొచ్చి బయటికి చూసేసరికి బల్ల ఖాళీ.

కోరుట్లలో ఆ బట్టల దుకాణం వాళ్ల నాన్న సత్తయ్యది. ఆయన పోయాక కళ్యాణే నడుపుతోంది. నడుపుతోందన్న మాటే గానీ, జగిత్యాల షోరూములు కోరుట్ల దాకా వచ్చాక సత్తయ్య దుకాణం మెట్లెక్కేవాళ్లే కరువయ్యారు. ఈ దసరాకు కూడా గిరాకీ లేకపోతే షట్టర్ దించాల్సిందే. అందుకే ఫోన్‌ను నమ్ముకుంది.

అంతకుముందు ఒకరోజు లైవ్‌లో నవ్వుతూ చిన్నప్పటి మైకు మాటను అనుకరించింది.

"రావాలె రావాలె! అక్కలు రావాలె, వదినెలు రావాలె! కొనకున్నా మంచిదే, సత్తయ్య దుకాణం చూసి పోవాలె!"

అంతే. కామెంట్లు కుప్పలు పడ్డాయి.

"మైకు నర్సింగం!" అని దుబాయి నుంచి ఒకరు.

"గా గొంతు వింటె మా అవ్వ పొయ్యి మీది కూర ఇడిసి ఉరికేది," అని ఇబ్రహీంపట్నం నుంచి ఇంకొకరు.

నిజమే మరి. ఆటోకు మైకు కట్టుకొని నర్సింగం ఊరూరా తిరిగేవాడు. కళ్యాణి బడిలో లెక్కలు చేస్తుంటే కిటికీలోంచి ఖంగుమని ఆ గొంతు వచ్చేది. ఊరంతా నాన్న పేరు మోగేది. లెక్క తప్పేది, సారు చేతి దెబ్బ పడేది, అయినా పిల్ల పొంగిపోయేది. ఆ రోజులే వేరు.

మనిషిని మాత్రం ఎన్నడూ చూడలేదు. బయటికి ఉరికేసరికి ఆటో మూల తిరిగేది. పొద్దున్నే ఇంటికొచ్చి, అమ్మ పోసిన చాయ తాగి పోయేవాడట. అప్పటికి కళ్యాణి నిద్ర లేస్తే కదా!

చెట్టు పేరు చెప్పుకొని కాయలమ్ముకుంటే తప్పేముంది? వెంటనే ఒక పోస్టు పెట్టింది.

"నర్సింగం కాక ఏడున్నడో ఎవలకన్న ఎరికైతె చెప్పుండ్రి. దసరాకు మన లైవ్‌ల గా గొంతు ఒక్కపారి ఇనవడాలె."

పోస్టు వందల చేతులు మారింది. గొంతు అందరికీ గుర్తే, మనిషి జాడే ఎవరికీ తెలియదు. ఎదురుచూసి చూసి కళ్యాణి కళ్లు కాయలు కాచాయి.

ముసలాయన వచ్చింది ఆ ఎదురుచూపుల్లోనే. రెండు రోజులాగి మళ్లీ వచ్చాడు, సరిగ్గా లైవ్ వేళకే.

ఈసారి ఆగలేదు. నేరుగా ఫోన్ ముందుకొచ్చి నిలబడ్డాడు. భుజాలు సర్దుకొని నోరు తెరిచాడు. గరగరమని దగ్గులాంటి చప్పుడు తప్ప ఏమీ రాలేదు. మళ్లీ తెరిచాడు. మళ్లీ అంతే.

తెర మీద నవ్వు బొమ్మలు ఎగిరాయి.

"అక్కా, తాతను జరుపు. చీర కనవడ్తలేదు," అని ఎవరో రాశారు.

కళ్యాణికి సిగ్గేసింది. ఆయన భుజం పట్టుకొని మెల్లగా పక్కకు జరిపింది.

"ఏం కావాలె తాతా? అన్నం తింటవా?"

ఆయన వద్దన్నట్టు తలూపాడు. నవ్వాడు కూడా. దుకాణమంతా ఒకసారి కలియజూసి మెట్లు దిగి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

దసరా వారం రోజులుందనగా దుబాయి నుంచి మహేందర్ అనే అతను ఫోన్ చేశాడు.

"అక్కా, మాది బీర్పూర్. నర్సింగం కాక మా ఊర్లనే ఉండెనంట. నిన్న పోయిండని గ్రూపుల పెట్టిండ్రు."

బడి కిటికీలోంచి వచ్చిన ఆ గొంతు ఇక లేదనేసరికి కళ్యాణికి ఏడుపు ఆగలేదు. దుకాణం సంగతి తర్వాత, ముందు ఆయనకు నలుగురిలో దండం పెట్టాలనుకుంది.

"ఒక్క ఫొటో ఉంటె పంపు తమ్మీ, పోస్టు పెడుత."

"ఫొటో ఏడిదక్కా? మైకు పట్టుకున్నోని మొకం ఎవలు చూసిండ్రు?"

ఆ మధ్యాహ్నమే అమ్మ రాజవ్వ సిరిసిల్ల నుంచి తిరిగొచ్చింది. చిన్న బిడ్డ పురుడని నెలకు పైగా అక్కడే ఉంది. సంగతి విని గోడకానుకొని కూర్చుంది.

"మీ నాయిన దుకాణం నిలవడ్డది గాయన గొంతు మీదనే బిడ్డా," అంది.

తర్వాత తన ఫోన్ చాపింది. "నీ లైవులు నేనొక్కటన్న చూడకపోతి. గిండ్ల పెట్టు."

పెట్టి ఇచ్చి, కళ్యాణి చీరలు మడతేయసాగింది.

"గంత పేరున్న మనిషి అమ్మా. ఒక్క ఫొటో లేదంటె ఎట్ల?"

రాజవ్వ తెర మీదికి వంగింది. ఫోన్‌లోంచి గరగరమని దగ్గులాంటి చప్పుడు వినిపించింది.

"అయ్యో, గంత గొంతు గిట్లయిందా!" అంది రాజవ్వ.

"ఎవలమ్మా?"

రాజవ్వ తెరను బిడ్డ వైపు తిప్పింది.

"ఫొటో లేదంటవేంది బిడ్డా, గీడ నువ్వు భుజం పట్టి జరుపుతున్నది నర్సింగాన్నే గదా!"