తల్లి సాక్ష్యం

నల్గొండ కోర్టు పక్క సందులో మొదటి వకీలు ఆఫీసు మెట్లు దిగుతూనే నర్సింగమ్మ అందుకుంది.

“గా నల్లకోటు లోపల మనిషున్నడా అసలు? నువ్వు ఏడ్చుకుంట చెప్తుంటే ఫోన్ల క్రికెట్ చూసుకుంట కూసున్నడు.”

మమతకు వకీలు అన్న మాటే ఇంకా చెవుల్లో తిరుగుతోంది. ‘మగ్గం మీద బతికేటోళ్లు. తండ్రి దగ్గరుంటే పిల్ల మంచిగ చదువుకుంటది. వదిలెయ్యరాదు?’

పిల్ల పేరు ప్రణీత. ఒకటో తరగతి. తాగొచ్చి కొట్టే మొగుడు దివాకర్‌ను భరించీ భరించీ చివరికి మమత విడాకులకు వేసింది. అతను ఆలేరులో ఇంకొకామెతో కాపురం పెట్టి, పిల్లను తనకే ఇప్పించాలని ఎదురు కేసు వేశాడు.

“పిల్ల మీద పావురమా, ప్రేమా వానికి?” అంది నర్సింగమ్మ. “జరమొచ్చి దవాఖానల పడితే తొంగి చూడలే. పల్లీలు తింటే దానికి ఒళ్లంత దద్దుర్లొస్తయని గూడ ఎరుక లేదు. నిన్ను ఏడిపియ్యాలె, గంతే. గా బుద్ధి పుట్టుకతోనే వచ్చింది వానికి.”

రెండో వకీలు రాంచందర్. పెద్ద మనిషి. కేసు సగం వినకుండానే నీతులు మొదలుపెట్టాడు.

“నీ బిడ్డకు నువ్వే బుద్ధి చెప్పాలె పెద్దమ్మా. ఇయ్యాల్రేపు ఆడపిల్లలకు ఓపిక లేదు. పోయి అత్త కాళ్లు పట్టుకోమను. ఆమె గట్టిగ ఒక మాటంటే కొడుకు దారికొస్తడు.”

మమత తల వంచుకుంది. నర్సింగమ్మ ఆయన్ని కిందికీ మీదికీ చూసింది.

“అత్త మస్తు మాటలన్నది సారూ. కట్టె గూడ తీసింది. ఆమెను సుత నూకేసిండు.”

“కోర్టు సంగతులు మీకు తెల్వవమ్మా.”

“తెల్వకనే గదా వచ్చినం. నీకూ తెల్వదని ఇప్పుడే తెలిసింది,” అంటూ లేచింది.

బయటికొచ్చాక మమత నీరసంగా అంది. “ఇంటికి పోదాం. ఆయనే గెలుస్తడు.”

“ఆయనేంది ఆయన? వాడు.”

మూడో ఆఫీసు జిరాక్స్ షాపు మీద చిన్న గది. స్వర్ణ అనే పడుచు వకీలు ఫోను పక్కన పెట్టి మొత్తం విన్నది.

“కొట్టిన సంగతి రుజువైతే పిల్ల మనకే వస్తది. చూసినోళ్లు ఎవరు?”

“నేను,” అంది నర్సింగమ్మ. “నా కండ్ల ముందటనే కొట్టిండు. అడ్డం పోయిన పిల్లను గోడకు నూకిండు.”

స్వర్ణ ఇబ్బందిగా కదిలింది. “మీ మాట నేను నమ్ముతున్నమ్మా. కోర్టు నమ్మాలె గదా. ఏ తల్లయినా కడుపున పుట్టినోళ్ల దిక్కే మాట్లాడుతదని అవతలి వకీలు ఒక్క ముక్కల కొట్టేస్తడు.”

నర్సింగమ్మ కొంగు సర్దుకుని కుర్చీలో ముందుకు జరిగింది. మమత ఆమె చెయ్యి పట్టుకుంది.

“గట్లయితే నా మాట నమ్మాల్సిందే బిడ్డా,” అంది నర్సింగమ్మ, “నేను కన్నది దివాకర్‌ను.”