టింగ్‌మనని తుపాకి

“ఈ టింగ్ శబ్దం పోవాలి, అంజినప్పా,” అంది సత్యభామ, తుపాకి బల్ల మీద పెడుతూ.

పెయింట్‌బాల్ మైదానంలో తుపాకులు బాగుచేసే అంజినప్ప దాన్ని గోడ వైపు తిప్పి ఖాళీగానే ఓసారి ట్రిగ్గర్ నొక్కాడు. టింగ్. కంచు గిన్నె మీద గరిటె తగిలినట్టు.

“స్ప్రింగు పాతబడిండాది అక్కా. నొక్కినప్పుడల్లా వెనక్కి పోయి మళ్ళీ ముందుకు దూకుతాది. అప్పుడు గొట్టానికి రాసుకుంటా ఉండాది.”

ఊరి బయట, ఆనేకల్ దాటాక నీలగిరి తోపులో ఉంది ఆ పెయింట్‌బాల్ మైదానం. చూడటానికి అన్నీ సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళే. లోపల మాత్రం రంగు గుండ్లు. నొక్కినప్పుడల్లా ఒకటి ఎగిరిపోతుంది. తగిలినవాళ్ళు ఆట నుంచి అవుట్. చివరికి మిగిలినవాళ్ళకు కప్పు.

సత్యభామ ఆఫీసు వాళ్ళు ఏటా మార్చిలో ఇక్కడికి వస్తారు. మొదటి ఏడు ఆమె చేతికి ఈ టింగ్ తుపాకి వచ్చింది, కప్పు కూడా వచ్చింది. కలిసొచ్చిన తుపాకి కదా అని మిగతా రెండేళ్ళూ దీన్నే అడిగి తీసుకుంది. ఆ రెండేళ్ళూ ఆమెదే కప్పు. ఇప్పుడు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని వాళ్ళ ఫ్లాటులో, టీవీ పక్కన, మూడు కప్పులు వరసగా మెరుస్తుంటాయి.

అంత గురి తనకెలా వచ్చిందో ఆమెకే తెలీదు. కిందటేడు వాళ్ళ ఆఫీసు శ్రీను మీద గుండు వెంట గుండు వదిలింది. ఒకటి చెట్టుకు తగిలింది, ఒకటి ఆకాశంలోకి పోయింది, ఇంకొకటి ఎటు పోయిందో దేవుడికి తెలియాలి. అయినా శ్రీను టైర్ల వెనక నుంచి లేచి నిలబడి, తగిలేదాకా కదల్లేదు. పాపం, భయంతో బిగుసుకుపోయాడనుకుంది. వర్షిణి అయితే పారిపోతూ పారిపోతూ వెనక్కి తిరిగి ఆమెకే ఎదురొచ్చింది.

భర్త చైతు మాత్రం నమ్మడు.

“నువ్వు చెత్త కవరు డబ్బాలోకి విసిరితే పక్కింటి గుమ్మంలో పడుతుంది. నీకు గురేంటి?”

“నాలుగోసారీ గెలిస్తే రైఫిల్ క్లబ్బులో చేరతాను. ఆదివారాలు వంట నీదే.”

“ఓడిపోతే?”

“జన్మలో గురి మాట ఎత్తను.”

“రాసుకో, ఆదివారాలు నాకు పూరీలు,” అన్నాడు చైతు.

అందుకే ఆమె ఆటకు వారం ముందే, ఎవరికీ చెప్పకుండా, ఒక్కతే ఆనేకల్ దాకా వచ్చింది.

“మూడేండ్లూ ఆ సౌండుతోనే గెలిచినావు కదక్కా. ఉండేదాన్ని ఉండనీ,” అన్నాడు అంజినప్ప.

“నేనెక్కడున్నానో అందరికీ చాటింపేస్తుంటేనే గెలిచానా? ఆ చాటింపు కూడా లేకపోతే ఎలా ఉంటుందో ఆలోచించు.”

అంజినప్ప ఆలోచించాడు. ఏదో అనబోయాడు. ఆమె ముఖంలో వెలుగు చూసి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

స్ప్రింగు బయటికి తీసి తుప్పు తుడిచాడు. చిక్కటి గ్రీజు పట్టించాడు. వెనక ఒక రబ్బరు వాషర్ వేసి మళ్ళీ బిగించాడు. నొక్కితే ఇప్పుడు ‘టప్’ అంటోంది, అన్ని తుపాకుల్లాగే.

సత్యభామ ఆగలేక ఇంకో పదిసార్లు నొక్కి చూసుకుంది. తిరుగు దారంతా ఆటోలో తనలో తనే నవ్వుకుంది. డ్రైవరు అద్దంలోంచి రెండుసార్లు చూశాడు.

ఆట రోజు బస్సులో అందరూ పాటలు పాడుతున్నారు. వెనక సీట్లో శ్రీను, కొత్తగా చేరిన స్టాన్లీ చెవిలో గుసగుసగా ఏదో చెబుతున్నాడు. స్టాన్లీ బుద్ధిగా తలూపుతున్నాడు. తన గురించి చెప్పి భయపెడుతున్నాడు కాబోలనుకుని సత్యభామ కిటికీ వైపు తిరిగి ముసిముసిగా నవ్వుకుంది.

మైదానంలో అందరికీ ఒకే రకం ఆకుపచ్చ దుస్తులు, ముఖమంతా కప్పే మాస్కులు. కన్నతల్లి వచ్చినా పోల్చుకోలేదు. అంజినప్ప ఆమె తుపాకి ఆమెకు అందించాడు.

“జాగ్రత్త అక్కా,” అన్నాడు. ఇంతకు ముందెప్పుడూ అలా అనలేదు.

ఈల మోగింది.

సత్యభామ టైర్ల చాటున పాకింది. ఎదురుగా ఎవరిదో వీపు. నొక్కింది. టప్. ఎంత హాయిగా ఉందో. గుండు నీలగిరి చెట్టుకు తగిలింది. పరవాలేదు, ఇప్పుడు వాళ్ళు లేచి నిలబడతారు కదా.

ఆ వీపు లేచి నిలబడలేదు. కప్పలా ఎగిరి పొద వెనక దూకింది.

ఆమె తెల్లబోయి ఇంకోసారి నొక్కింది. టప్. అంతే, ఎడమ వైపు నుంచి పసుపు గుండు వచ్చి భుజం మీద పగిలింది. కుడి వైపు నుంచి నీలం, మోకాలి మీద. లేచి “అవుట్, అవుట్” అని చెయ్యెత్తేలోపు పొద వెనక నుంచి ఎర్ర గుండు వచ్చి సరిగ్గా నుదుటి మీద పగిలి, మాస్కు అద్దం మీదుగా కారింది.

ఆ రోజు అందరికంటే ముందు అవుటయింది సత్యభామే.

“ఫస్టు వికెట్ నాదే,” అంటూ పొద వెనక నుంచి స్టాన్లీ తుపాకి తలపైకెత్తి గంతులేస్తూ వచ్చాడు. “పసుపు నాది, పసుపు నాది,” అంటూ శ్రీను. నీలం రంగు వర్షిణిది. ముగ్గురూ చేతులు చరుచుకున్నారు.

సత్యభామ మాస్కు తీసింది.

స్టాన్లీ ఎత్తిన కాలు గాల్లోనే ఆగిపోయింది. శ్రీను చేతిలోంచి తుపాకి జారింది. వర్షిణి మెల్లగా ఒక చెట్టు చాటుకు జరిగింది.

“సారీ మేడం, ‘టింగ్‌మందంటే అది మన అప్రైజల్స్ రాసే మేడం, తగిలేదాకా కదలకుండా నిలబడు’ అని శ్రీను బస్సులోనే చెప్పాడు గానీ, ఇవాళ ఎక్కడా టింగ్‌మనలేదు,” అన్నాడు స్టాన్లీ.