కంపుమడుగుకు వచ్చిన బాతులు

అది చెరువంత పెద్దదీ కాదు, గుంటంత చిన్నదీ కాదు. ఒకప్పుడు కుళ్లి గబ్బు కొట్టిన పాపానికి అడవంతా దాన్ని కంపుమడుగు అనేది.

ముసలి పీత గవరమ్మ పట్టుబట్టి, తన వాళ్లందరి చేతా బురద తోడించింది. గట్టుకు బొరియలు పెట్టించి వాగునీళ్లు లోపలికి రప్పించింది. ఇప్పుడు అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. కానీ నాచు మళ్లీ తలెత్తుతోంది. దాన్ని మేసే బాతులు ఈ ఏడైనా దిగకపోతే పడ్డ పాట్లన్నీ వృథా.

ఆ సాయంత్రం బాతుల గుంపొకటి వచ్చి పైన చక్కర్లు కొట్టింది.

అంతలో కప్పలు గొంతెత్తాయి. ఎవరొచ్చినా ముందు తమ మడుగును తామే వెక్కిరించి నవ్వించడం వాటి మర్యాద.

"కంపుమడుగు వచ్చింది బాబోయ్! ముక్కులు మూసుకోండి!"

బాతులు గిర్రున వెనక్కి తిరిగాయి.

"నోళ్లు ముయ్యండర్రా!" గవరమ్మ గట్టెక్కి అరిచింది.

"సరదాకన్నాం అత్తా," అంది కప్పల పెద్ద. "మనమే అనేసుకుంటే వాళ్లు అనరు కదా!"

గుంపులో వెనకబడ్డ బాతొకటి, ఇక ఎగరలేక, విధిలేక నీళ్లలో వాలింది. ఒక గుక్క తాగింది. బాతు ఇంకో గుక్క తాగి, తలెత్తి తన వాళ్లను కేకేసింది. ఒక్కొక్కటే దిగాయి.

"ఇందాక ఎవరో కంపుమడుగని అరిచారే, అదెక్కడ?" అనడిగింది బాతు.



"అదా? ఎప్పుడో పూడ్చేశాం తల్లీ," అంది గవరమ్మ, కప్పల వైపు ఉరిమి చూస్తూ.